విమానానికి పసుపు

మా సార్‌కు యాభై రెండో ఏట రెక్కలు మొలిచాయి. అంతకు ముందు రెండేళ్లు ఆయనకు పరుగు పిచ్చి. దానికి ముందు సైకిలు. ఆయనకు ఏ పిచ్చి పట్టినా మెచ్చుకునే బాధ్యత మా ఆఫీసుదే. పరుగు రోజుల్లో ఆదివారం పొద్దున్నే దుర్గం చెరువు ఒడ్డున నిలబడి, రొప్పుతూ వచ్చే ఆయనకు నీళ్ల సీసా అందించి 'సూపర్ సార్' అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంక్రిమెంట్లకు ముందు నెలలో ఆ గుంపు కాస్త చిక్కగా ఉండేది.

హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో ఆరు, ఏడు అంతస్తులు మావి. హైదరాబాదు శాఖ మొత్తానికి ఆయనే పెద్ద. మేం అమ్మే సాఫ్ట్‌వేర్ పాడైనప్పుడు ఎందుకు పాడైందో రాసే ఉద్యోగం నాది. దాన్ని ఆర్‌సీఏ అంటాం, అంటే మూలకారణం తేల్చే రిపోర్టు. పదిహేడేళ్లుగా అవే రాస్తున్నాను. అందులో ఒక మర్యాద ఉంది. మనిషి పేరు రాయకూడదు. 'బ్లేమ్‌లెస్' అని దానికో ముద్దుపేరు, ఎవరినీ నిందించనిది అని. ఫలానావాడు ఒళ్లు తెలియకుండా తప్పు మీట నొక్కాడని రాయం. 'ప్రక్రియలో లోపం ఉంది' అని రాస్తాం. వినడానికి ఎంతో పెద్దమనసులా ఉంటుంది. కానీ ఆ పెద్దమనసు మా గోడల లోపలివాళ్లకే. తప్పు బయటి కంపెనీవాళ్లదైతే మొదటి పేరాలోనే 'వెండర్ వైఫల్యం' అని లావు అక్షరాల్లో వేస్తాం. నాకు జీతం ఇచ్చేది ఆ తేడా తెలిసినందుకే అనుకుంటాను.

సార్ విమానం నేర్చుకున్నది నగరానికి రెండు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో. పేరు విని పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తుందో చూపించే గుడ్డ సంచి, గేటు దగ్గర కుర్చీలో ఒక కాపలామనిషి. చుట్టూ పత్తి చేలు. అక్కడ ఒక క్లబ్బువాళ్లు విమానం నడపడం నేర్పుతారు. సార్ అక్కడే లైసెన్సు సంపాదించి, మరో ఇద్దరితో కలిసి రెండు సీట్ల విమానం కొన్నాడు. కొన్నది పాతదే కానీ తెల్ల రంగు మీద నీలి గీత కొత్తగా వేయించాడు. ఆ ఫోటో ఆఫీసు గ్రూపులో పెట్టిన రోజు చేతులు జోడించిన బొమ్మలతో నా ఫోను వేడెక్కింది. వాటిలో ఒక జత చేతులు నావి.

ఒక శనివారం, ఆఫీసు విహారమన్న పేరుతో, మేనేజర్లందరినీ రెండు బస్సుల్లో అక్కడికి తోలుకెళ్లారు. సార్ పూజ చేయించి, సొంత విమానంలో మొదటిసారి ఒంటరిగా ఎగురుతాడు, మేం చూడాలి. కొత్తగూడ ఫ్లైఓవర్ దిగకముందే మా హెచ్చార్ మేడమ్ అందరికీ టీషర్టులు పంచింది. వాటి మీద 'ఇంకా ఎత్తుకు' అని ఉంది. నలభై దాటిన మనుషులం, పొట్టల మీద ఆ మాట సాగదీసుకుని కూర్చున్నాం. దారి పొడుగునా ఒకడు పాటలు పెట్టాడు, ఇంకొకడు నాయకత్వం గురించి మాట్లాడాడు. నేను కిటికీకి తల ఆనించి నిద్ర నటించాను.

అక్కడికి వెళ్లేసరికి విమానం చుట్టూ ఒకాయన తిరుగుతున్నాడు. యాభై అయిదేళ్లుంటాయి. నెరిసిన మీసం, నూనె మరకల ఖాకీ చొక్కా, పై జేబులో టార్చిలైటు. క్లబ్బు మెకానిక్. ప్రతి మరనూ వేలితో తాకి, వంగి, పడుకుని, లేచి చూస్తున్నాడు. చూడటం అయ్యాక ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. ఎడమ రెక్క కింద చిటికెన వేలంత గొట్టం ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దానికి ఎర్రగుడ్డ తొడుగు వేస్తుంటే, ఏదో ఒకటి అడగాలి కాబట్టి, అదేమిటని అడిగాను.

"గీ గొట్టంలకు గాలి పోతెనే సార్, లోపల స్పీడు ఎంతున్నదో ముల్లు చూపిస్తది. పురుగులు గిట్ల దూర్తయని తొడుగు ఏస్తం. ఎగిరే ముంగట తీస్తం" అన్నాడు.

విన్నాను. కానీ చెప్పేవాడి చొక్కాను బట్టి వినడం మాకు అలవాటు. అదే మాట మా సార్ తెర మీద బొమ్మలు వేసి చెప్పి ఉంటే డైరీలో రాసుకునేవాణ్ని.

ఈ నగరంలో పూజ చేయించకుండా బండిని రోడ్డెక్కించే ధైర్యం ఎవరికీ లేదు. దసరాకు మా ఆఫీసులో సర్వర్లకు కూడా బొట్లు పెడతాం. లోపలికి కుంకుమ రాలి రెండు పెట్టెలు కాలిపోయిన ఏడాది నేనే ఆర్‌సీఏ రాశాను, 'బయటి ధూళి కణాలు' అని. ఇక విమానాన్ని వదులుతామా. సార్ కార్లకు పూజ చేసే పంతులుగారినే బస్సు ముందు సీటులో కూర్చోబెట్టి తీసుకొచ్చాం. ఆయన నాలుగు నిమ్మకాయలు తెచ్చాడు, విమానానికి మూడే చక్రాలు. నాలుగోది ఎక్కడ పెట్టాలా అని ముగ్గురు సీనియర్ మేనేజర్లు కాసేపు చర్చించారు.

పసుపు, కుంకుమ పెట్టే పని నా మీద పడింది. మాది అనంతపురం వైపు. మా నాన్నకు లారీ ఉండేది. ఆయుధపూజకు ఆ లారీ అద్దం నుంచి టైర్ల దాకా బొట్లు పెట్టే పని చిన్నప్పుడు నాదే. ఈ సంగతి ఎప్పుడో ఒక విందులో గొప్పగా చెప్పుకున్నాను. హెచ్చార్ మేడమ్ ఏదీ మర్చిపోదు.

"మీకు పద్ధతులు బాగా తెలుసు కదండీ, మీరే పెట్టండి. డ్రోన్ పైనుంచి తీస్తుంది, కొంచెం నవ్వుతూ పెట్టండి" అంది. తర్వాత మెకానిక్ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ ఖాకీ చొక్కా ఫ్రేములో పడుతోందండీ. ఆయన్ని కాసేపు లోపలికి వెళ్లమనండి."

వెళ్లమని నేనే చెప్పాను. ఆయన మారుమాట్లాడకుండా షెడ్డులోకి వెళ్లాడు.

"ముందుకు పొడుచుకొచ్చిన ప్రతిదానికీ పెట్టండి బాబూ, దిష్టి ముందు వాటికే తగులుతుంది" అన్నాడు పంతులుగారు. పంకా ముక్కుకు పెట్టాను. రెక్కల అంచులకు పెట్టాను. చక్రాలకు పెట్టాను. గొట్టం దగ్గరికొచ్చాను. తొడుగుకు వేలాడే ఎర్రపట్టీ మీద 'ఎగిరే ముందు తీసివేయాలి' అని ఇంగ్లీషులో రాసి ఉంది. చదువుకున్నవాణ్ని కదా, తీసేశాను. ముద్దగా కలిపిన పసుపును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని, లారీ హారన్‌కు పట్టించినట్టు ఆ గొట్టం మొనకు చుట్టూ పట్టించాను. ముందున్న రంధ్రమూ, అడుగున నీళ్లు కారడానికి ఉన్న సూదిమొనంత రంధ్రమూ రెండూ మూసుకుపోయాయి. పైన కుంకుమ బొట్టు పెట్టాను. చూడటానికి ముచ్చటగా ఉంది. డ్రోన్ వైపు చూసి నవ్వాను.

నడిపేవాడు ఎక్కే ముందు తనే ఒకసారి విమానం చుట్టూ తిరిగి అన్నీ చూసుకోవాలని నియమం ఉందట. సార్ తిరిగాడు. చేతులు జోడించి, కళ్లు అరమూసి, మూడు ప్రదక్షిణలు.

ఆయన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటుండగా మెకానిక్ షెడ్డులోంచి వచ్చాడు. ఎండకు అప్పటికే పసుపు ఆరి గట్టిపడుతోంది. ఆయన ఆ బొట్లన్నీ చూసి ఒక్క క్షణం ఆగాడు. గబగబా నడిచి సార్ తలుపు దగ్గరికొచ్చాడు. హారతి పళ్లెం పట్టుకుని నేను ఆ తలుపు పక్కనే ఉన్నాను. మిగతావాళ్లంతా ఫోటోల కోసం దూరంగా వరస కడుతున్నారు.

"సార్, ఒక్క పది నిమిషాలు ఇయ్యుండ్రి. అంత తుడిచి మల్లొకపారి చూస్త" అన్నాడు.

సార్ నవ్వాడు. "ఏమండీ, శుభమా అని బయల్దేరుతుంటే పూజ చేసినదాన్ని తుడిచేస్తారా? పొద్దున చూశారు కదా, సంతకం పెట్టారు కదా. ఇంక జరగండి."

ఆయన ఇంకేదో అనబోయాడు. సార్ ఇంజను స్టార్ట్ చేశాడు. పంకా గాలికి నా పళ్లెంలో కర్పూరం ఆరిపోయింది. నిమ్మకాయలు చితికాయి. విమానం కదిలింది.

ఆ తర్వాత జరిగింది విచారణవాళ్లు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనంత వరకు చెబుతాను. రన్‌వే మీద పరుగెత్తుతున్నప్పుడే స్పీడు ముల్లు కదలాలి. కదలకపోతే అక్కడే ఆపేయాలి. సార్ ఆ సమయంలో మాకు చెయ్యి ఊపుతున్నాడు. గొట్టంలో గాలి బిగిసిపోయి ఉంటే, పైకి వెళ్లేకొద్దీ ముల్లు దానంతటదే లేస్తుందట, దిగేకొద్దీ పడిపోతుందట. అలాగే లేచింది. ఆయన సంతోషంగా రెండు చుట్లు కొట్టాడు. దిగడానికి వచ్చేసరికి ముల్లు సున్నా వైపు జారిపోతోంది. తలెత్తి బయటికి చూసినవాడికి ఎవడికైనా నేల ఎంత వేగంగా వెనక్కి పోతోందో కనిపిస్తుంది. మా సార్ డాష్‌బోర్డును నమ్మే మనిషి. ఆఫీసులో మనుషులు ఏడుస్తున్నా తెర మీద పచ్చరంగు ఉంటే అంతా బాగుందంటాడు. విమానం ఆగిపోయి పడిపోతుందని భయపడి ఇంజను జోరు పెంచాడు. రెండింతల వేగంతో వచ్చి, సగం రన్‌వే దాటేదాకా చక్రాలు నేలకు ఆనించలేకపోయాడు. ఆనాక ఒకసారి ఎగిరి, మళ్లీ పడి, రన్‌వే చివర దాటి పత్తి చేలోకి దూసుకుపోయాడు. ముందు చక్రం విరిగి, విమానం ముక్కు నేలకు గుచ్చుకుని, తోక పైకి లేచింది.

మా వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. విమానం ఎగిరి పడుతున్నప్పుడు అదొక విన్యాసమనుకున్నారు. దుమ్ము లేచాక కూడా చివర్లో ఒకడు ఈల వేశాడు. తర్వాత అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ ఎండలో, పత్తి మొక్కల మధ్య పడుతూ లేస్తూ పరుగెత్తినవాడు మెకానిక్ ఒక్కడే. పెట్రోలు కారుతుండగా లోపలికి చెయ్యి పెట్టి మీటలన్నీ కట్టేసి, బెల్టు కోసి, సార్‌ను చంకల కింద పట్టి బయటికి లాగాడు. సార్‌కు పై పెదవి చిట్లింది, మణికట్టు విరిగింది. అంతే. నేను వెళ్లేసరికి మెకానిక్ రెక్క కింద మోకాళ్ల మీద కూర్చుని ఆ గొట్టాన్ని చూస్తున్నాడు. ముద్ద మీద నా వేలిముద్ర అచ్చు పడినట్టు ఉంది. ఆయన తలెత్తి నన్ను చూశాడు. నా చేతిలో ఇంకా పళ్లెం ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. పసుపు సంగతీ చెప్పాను, మెకానిక్ మళ్లీ చూస్తానని అడిగిన సంగతీ చెప్పాను. నవ్విస్తూ చెప్పాను, ప్రదక్షిణలతో సహా. ఆమె నవ్వలేదు. "దేవుడు మంచోడు, ఎవురికీ ఏం కాలేదు" అంది.

ఎవరికీ ఏమీ కాకుండా ఎలా ఉంటుంది. విచారణ మొదలైంది. బీమావాళ్లు వచ్చారు. క్లబ్బువాళ్లకు తమ పేరు కాపాడుకోవాలి, సార్‌కు తన లైసెన్సు కాపాడుకోవాలి. పొద్దున సంతకం పెట్టినవాడు ఒకడు చేతికి అందేంత దగ్గరలో ఉన్నాడు. పసుపు పెట్టాక మళ్లీ చూడాల్సిన బాధ్యత ఆయనదేనని, చూడకుండా వదిలేశాడని మాట పుట్టింది. ఆయన అడిగానంటున్నాడు, సార్ అడగలేదంటున్నాడు. క్లబ్బు ఆయన్ని పనిలోంచి ఆపేసింది. ఆయన లైసెన్సు ఉంచాలో తీసేయాలో అధికారులు తేలుస్తామన్నారు. అది పోతే ఈ దేశంలో ఏ విమానం మీదా ఆయన చెయ్యి వేయడానికి వీల్లేదు.

సార్ కట్టు కట్టిన చేత్తో నన్ను క్యాబిన్‌కు పిలిచాడు. "అక్కడున్న మనవాళ్లందరి తరఫునా ఒకే రిపోర్టు ఇద్దామండీ. మన పద్ధతిలో, బ్లేమ్‌లెస్‌గా. మీకంటే బాగా ఎవరు రాస్తారు" అన్నాడు. ఆ ఏడాది నాకు డైరెక్టర్ హోదా రావాల్సి ఉంది. ఆ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం మా ఇద్దరికీ లేదు.

మా పద్ధతిలో అయిదుసార్లు 'ఎందుకు' అని అడగాలి. రన్‌వే ఎందుకు దాటింది? వేగం ఎక్కువై. వేగం ఎందుకు ఎక్కువైంది? ముల్లు తప్పు చూపించి. ముల్లు ఎందుకు తప్పు చూపించింది? గొట్టం మూసుకుపోయి. ఎందుకు మూసుకుపోయింది? ఇక్కడ రాసిన వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: 'సాంప్రదాయిక కార్యక్రమంలో భాగంగా పూయబడిన పదార్థం వల్ల.' ఎవరు పూశారో లేదు. పూయబడింది. దానంతటదే ఆకాశం నుంచి రాలినట్టు. అయిదో 'ఎందుకు' దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. పూజ తర్వాత ఎందుకు చూడలేదు? చూస్తానని ఆయన అడిగాడు, వద్దన్నారు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఇంతే రాయాలి. అది రాస్తే సార్ ఇరుక్కుంటాడు. ఇరుక్కుంటే, ఆ తొడుగు తీసిందెవరు, ముద్ద పెట్టిందెవరు అని ఆయన వేలు నా వైపు తిరుగుతుంది. మధ్యాహ్నం ఫుడ్‌కోర్టులో బిర్యానీ తిని వచ్చి, 'వెండర్ సిబ్బంది పునఃతనిఖీ కోరలేదు, చేపట్టలేదు' అని రాశాను. లావు అక్షరాల్లో పెట్టాను. నలభై మంది చదవకుండానే కింద సంతకాలు పెట్టారు.

ఆ వారమే ఇంట్లో మా ఆవిడ అడిగింది. "ఆయప్ప పని పోతాదంట కదా. మల్లా సూస్తానని ఆయప్ప అడిగినాడని నువ్వే చెప్తివి కదా. ఆ ముక్క రాసినావా?"

"రిపోర్టులో అలాంటివి రాయరు" అన్నాను.

"ఎట్లాంటివి?" అంది. నేను టీవీ సౌండు పెంచాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

నెల తిరగకుండా ఆఫీసు సమావేశంలో నాకు అవార్డు ఇచ్చారు. కష్టకాలంలో బాధ్యత నెత్తిన వేసుకున్నందుకట. గాజుపలక, దాని మీద ఇంగ్లీషులో 'ఓనర్‌షిప్' అని చెక్కి ఉంది. ఇలాంటి వాటిని జీవితమంతా వెక్కిరించినవాణ్ని. హెచ్చార్ మేడమ్ మైకు ఇస్తే, ఇది నా ఒక్కడిది కాదు, టీమ్ అందరిదీ అన్నాను. ఆ మాట మాత్రం నిజమే.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం రిసెప్షన్ నుంచి ఫోను వచ్చింది, మీకోసం ఎవరో వచ్చారని. దిగి వెళ్తే మెకానిక్. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో విజిటర్ బ్యాడ్జి. అంత మెత్తటి సోఫాలో ఎలా కూర్చోవాలో తెలియక అంచు మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. సెక్యూరిటీ మనిషి ఎక్కడో తలుపు దగ్గర ఉన్నాడు.

"బోరబండల ఉంటం సార్. రైలెక్కితె పక్క స్టేషనే" అన్నాడు, వచ్చినందుకు క్షమాపణ చెబుతున్నట్టు. ఇప్పుడు ఏం చేస్తున్నారని అడిగాను. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్లు చూస్తున్నానన్నాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"గురువారం రమ్మన్నరు సార్. లైసెన్సు ఉంచుడో తీసుడో ఆరోజే చెప్తరంట. మల్ల చూస్తనని నేను అడిగిన ముచ్చట ఎవలన్న ఒక్కరు చెప్తె సాలు. మీరే దగ్గరున్నరు. పళ్లెం వట్టుకొని ఉంటిరి."

రిపోర్టు ఎప్పుడో పంపేశామని, ఇప్పుడు మార్చడం నా చేతుల్లో లేదని చెప్పాను. కంపెనీ నియమాలని ఏదో అన్నాను. ఆయన ప్రతి మాటకూ తల ఊపాడు. ఆ గొట్టం గురించి గానీ, వేలిముద్ర గురించి గానీ ఎత్తనైనా ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని కాచుకుని ఉన్నాను. ఎత్తి ఉంటే బాగుండేది. ఎదురు తిరిగి అరిచేవాణ్ని, తేలికపడేవాణ్ని.

"పోనీ సార్, మీకెందుకు పరేషాని. రాయకుండ్రి. సంతకం వద్దు, ఏమొద్దు" అన్నాడు. "నా ఒక్కనికి చెప్పుండ్రి. నేను అడిగింది మీరు విన్నరా, లేదా?"

ఎందుకని అడిగాను.

"ఇంట్ల మా ఆమె రోజు అడుగుతున్నది, నిజంగనే అడిగినవా అని. అడిగిన అనే చెప్తున్న. గని ఇన్నిసార్లు చెప్పంగ చెప్పంగ నాకే అనుమానం పట్టుకున్నది సార్. గా లొల్లి, గా డ్రోను సప్పుడు. అడుగుదామనుకొని అడగలేదా, నోరు తెరిచి అడిగిన్నా అని. నిద్ర వడుతలేదు. మీరు ఒక్క మాటంటె సాలు, ఇగ లైసెన్సు పోతె పోయె."

రాయక్కర్లేదు. సాక్ష్యం అక్కర్లేదు. ఎవరూ వినడం లేదు. అవునండీ, విన్నాను అంటే నాకు పోయేది ఏమీ లేదు. ఈ నగరంలో నేను చీదరించుకోని మనిషి లేడు. సార్‌ను, మేడమ్‌ను, ఈల వేసినవాణ్ని, నిమ్మకాయల గురించి చర్చించినవాళ్లను, అందరినీ పురుగుల్లా చూశాను. వాళ్లకంటే నేనొక మెట్టు పైనున్నానని, కనీసం నాకు అన్నీ కనిపిస్తాయని నా ధీమా. ఆయన నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. అవునంటే, ఆ తర్వాతి ప్రశ్న ఆయన అడగకపోయినా, మరి ఎందుకు చెప్పలేదన్నది ఆయన కళ్లలో ఒక్కసారైనా చూడాలి. అది చూడటం నావల్ల కాలేదు.

"లేదండీ. నేను వినలేదు" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. నన్ను అనుమానించినట్టు కూడా లేదు. నేల వైపు చూసి ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు నిలబడి, మెల్లగా తల ఊపాడు.

"అయితె అడగనట్టే ఉన్నది సార్" అన్నాడు. "ముప్పై ఏండ్లల్ల ఎన్నడు మర్వలే. గారోజు మర్చినట్టున్న. మీరు గంత దగ్గరుండి వినలేదంటె నేను అడగనట్టే కద."

నేను నోరు తెరవలేదు. అదే సమయం. ఆయన బ్యాడ్జి మెడలోంచి తీస్తున్నంత సేపూ సమయం ఉంది. తలుపు దాకా నడిచినంత సేపూ ఉంది. "మంచిది సార్, మీ పని చెడగొట్టిన" అని ఆయన అద్దం తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. నేను లిఫ్టులో ఏడో అంతస్తుకు వెళ్లి రెండు గంటల మీటింగులో కూర్చున్నాను. ఎవరో ఏదో అడిగితే సమాధానం కూడా చెప్పాను.

నా మీద నాకు అసహ్యం వేసిందని చెప్పుకోవచ్చు. వేసింది. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు. బుధవారం ఒక రోజంతా ఉంది నాకు, బోరబండ పక్క స్టేషనే.

శుక్రవారం సార్ నన్ను పిలిచి, క్లబ్బువాళ్లు పంపిన కాగితం చూపించాడు. ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. మళ్లీ చూడాలన్న సంగతి తనే మర్చిపోయానని, తప్పు తనదేనని మెకానిక్ అధికారుల ముందు చెప్పాడట. ఎవరూ బలవంతపెట్టలేదట, తనంతట తనే చెప్పాడట. లైసెన్సు తీసేశారు.

"చూశారా, మీ రిపోర్టు అక్షరాలా కరెక్టని తేలింది" అన్నాడు సార్.

నా రిపోర్టులో ఉన్న ఒకే ఒక్క అబద్ధాన్ని ఆయన గురువారం వెళ్లి నిజం చేసి వచ్చాడు.